ఓబయ్య ఈల, బీరయ్య దగ్గు

పిల్లలూ, నిన్న అటక మీది బెల్లం దిమ్మ సగమైతే, మీరందరూ ఒక్కసారిగా సుజల వైపే ఎందుకు చూశారు?

"దానికే కదా నానమ్మా అటక అందేది" అంటారు. సరే, ఇలా వచ్చి కూర్చోండి. ఈ చింతపండు బుట్ట కాస్త పక్కన పెడతాను. సుజలా, మూతి ముడుచుకోకు, నా పక్కకు రా.

ఎప్పటి రోజులో లెక్క తెలియదు గానీ, అనగనగా రాతిగుట్టల నడుమ ఒక సీమ ఉండేది. అక్కడ పొలాలు తక్కువ, గొర్రెలు ఎక్కువ. ఒకే గుట్ట మీద అందరి మందలూ కలిసి మేసేవి. మరి పొద్దు వాలేసరికి ఏ మంద ఎవరి వెంట పోవాలో గొర్రెలకు ఎలా తెలిసేది? ఆలోచించండి. ఈలతో. ఒక్కో కాపరికి ఒక్కో ఈల, దాని కూత దానిదే. తన కాపరి ఈల వినబడితే చాలు, గొర్రె నోటి ముందరి గడ్డి వదిలి పరిగెత్తేది.

ఆ ఈలలన్నీ చేసేవాడు ఓబయ్య. సన్న వెదురు, ఒక చాకు, అంతే అతని సామాను. కానీ అతనికొక కట్టుబాటు ఉండేది. తను చేసిన ఈలను తను ఊదేవాడు కాదు. కాపరిని ఎదురుగా కూర్చోబెట్టి ఊదమనేవాడు. విని, కాస్త చెక్కి, మళ్లీ ఊదమనేవాడు. కాపరి ఊపిరికి వెదురు ఒదిగేదాకా అంతే.

"ఇక ఇది నీ గొంతు. దీని మీద నా పెదవి పడకూడదు" అని చేతిలో పెట్టేవాడు. మిగిలిన వెదురు ముక్కను అక్కడికక్కడే పొయ్యిలో వేసేవాడు. ఎందుకు? అలాంటిది ఇంకొకటి పుట్టకూడదని.

ఇలా ఉండగా, ఒకనాడు లసుమయ్య బండ నీడన కునుకు తీసి లేచేసరికి మందలో సగం లేదు. బలుసు పొదల అవతల నుంచి తన ఈలే వినబడినట్టు నిద్రలో అనిపించిందట. ఈల చూస్తే తన మెడలోనే ఉంది.

"కలలో నువ్వే ఊది ఉంటావులే మామా" అని అందరూ నవ్వారు.

రెండోసారి ఎర్రన్న మందకు అదే జరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరి దొడ్లోకి ఒకరు తొంగిచూశారు. పక్కవాడి గొర్రెల చెవులు తిప్పి గుర్తులు వెతికారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా "ఏ దారిన వచ్చావు" అని అడగసాగారు.

అప్పుడు గొంగళ్ల వర్తకుడు మాణిక్యం నోరు విప్పాడు. ఉన్ని కొనడానికి పగలంతా మందల మధ్యే తిరిగేవాడు అతను. వెంట ఎప్పుడూ ఒక గోరింక పంజరం ఉండేది. "రండి రండి, వెచ్చని గొంగళి" అని ఆ పక్షి పిలిస్తే జనం మూగేవారు.

"నాకెందుకులే గానీ" అన్నాడు మాణిక్యం. "మీ అందరి ఈలలూ తెలిసినవాడు ఈ సీమలో ఒక్కడేగా. వెదురు ముక్కను పొయ్యిలో వేయడం చూశారు. అది బూడిద కావడం చూశారా?"

చూడలేదు. కొత్త ఈల చేతికొచ్చాక పొయ్యి వైపు ఎవరు చూస్తారు చెప్పండి?

ఆ మాట గుట్టలన్నీ తిరిగింది. ఓబయ్య ఎదురైతే కాపరులు ఈలను చొక్కాలోకి తోసుకునేవారు. పాపం, ఓబయ్యకు తన చేతుల మీదే అనుమానం వచ్చింది. 'తెలియకుండా ఒకే కూత రెండు ఈలల్లో పెట్టానా?' అని కూర్చుని తలపోసేవాడు.

మూడోసారి బీరయ్య మంద పోయింది. దాంతో ఓబయ్యను రాజుగారి ముందుకు ఈడ్చుకొచ్చారు.

రాజుగారు అన్నారు: "ఓబయ్యా, నేరం రుజువైతే నీ చాకు ఏట్లో వేయిస్తాను. ఈ సీమలో ఇక వెదురు ముట్టకూడదు. ముందు సాక్ష్యం విననీ."

బీరయ్య భార్య కొమరమ్మ ముందుకొచ్చింది. "దొరా, నేను సద్ది తీసుకుని పోయాను. మా ఆయన వాగుకు పోయినట్టున్నాడు, మంద దగ్గర లేడు. పొదల్లోంచి ఈల వినబడింది. గొర్రెలు అటు ఉరికాయి. కాసేపటికి ఈయన ఇటు నుంచి తడికాళ్లతో వచ్చాడు."

"వినగానే నీకు అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుంది దొరా? ఈల ఆయనదే. ఈల వెనకాల వచ్చిన దగ్గూ ఆయనదే. ఊదిన ప్రతిసారీ దగ్గుతాడు, పొగాకు మానమంటే మానడు."

"ఆ సంగతి ఇక్కడెందుకే" అని గొణిగాడు బీరయ్య.

అంతదాకా తల దించుకున్న ఓబయ్య తలెత్తాడు.

"దొరా, దొంగ ఈల చేసేవాణ్ణి అయితే ఈల వరకే చేస్తాను. దగ్గు వెదురులో పుట్టదు. ఈల ఎక్కడ ఆగుతుందో చేసినవాడికి తెలుసు. దగ్గు కూడా ఈలలో భాగమే అనుకున్నది ఎవరో, వాళ్లు చెవితో నేర్చుకున్నారు. ఆ రెంటికీ తేడా తెలియకుండా నేర్చుకున్నారు."

తేడా తెలియకుండా విన్నది విన్నట్టు పలికేది ఏమిటి పిల్లలూ? మీకు తట్టింది కదూ. సభకూ తట్టింది. అందరి తలలూ మాణిక్యం వైపు తిరిగాయి. మాణిక్యం పంజరం మీద గొంగళి కప్పాడు.

"చలిగా ఉంది, పక్షికి పడదు" అన్నాడు.

ఎర్రన్న కర్ర ఎత్తాడు. ఓబయ్య అడ్డుపడ్డాడు. "ఆగు ఎర్రన్నా. ఆ పక్షి నేర్వగలదు, అంతవరకే తెలిసింది. నేర్చిందో లేదో ఇంకా తెలియలేదు. నన్ను చూసినట్టు దాన్నీ చూడకండి."

రాజుగారు ఓబయ్య మాటకు తలూపి, "బీరయ్యా, పంజరం దగ్గరకు పోయి ఈల ఊదు. దగ్గకు" అన్నారు.

బీరయ్య ఊదాడు. దగ్గు పొంగుకొస్తుంటే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

గొంగళి కింద నుంచి "ఖళ్ ఖళ్" అని వినబడింది.

ఆ వెంటనే అచ్చం మాణిక్యం గొంతుతో, "మెల్లగా తోలరా, కుక్క లేస్తుంది" అని కూడా వినబడింది.

ఇంకేముంది. పొలిమేర అవతల మాణిక్యం దొడ్లో మూడు మందల గొర్రెలూ దొరికాయి. రాజుగారు అతణ్ణి సీమ దాటించారు. గోరింకను వదిలేశారు, దానికేం తెలుసు పాపం. కానీ అది గుట్టల మీద ఎగురుతూ అందరి ఈలలూ వేయసాగింది. గొర్రెలు అటూ ఇటూ పరుగులు. దాంతో కాపరులందరికీ కొత్త ఈలలు కావలసి వచ్చాయి.

మొదట ఎర్రన్న వచ్చాడు. ఓబయ్య ఎదురుగా కూర్చోబెట్టి ఊదమన్నాడు, విన్నాడు, చెక్కాడు. మిగిలిన ముక్క పొయ్యిలో వేయబోతే ఎర్రన్న సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను చూడనులే అన్నా."

"చూడు" అన్నాడు ఓబయ్య. "బూడిదయ్యేదాకా కూర్చుని చూసి వెళ్లు. ఈల చేయడంలో ఇది కూడా భాగమే."

ఆనాటి నుంచి ఆ సీమలో ఈల చేయించుకున్నవాళ్లు పొయ్యి చల్లారేదాకా కూర్చునే లేస్తారట.

విన్నారుగా. ఒక పని చేయగలిగినవాడే ఆ పని చేశాడని అనుకోకూడదు; చేశాడని తేలేదాకా వేలు చూపకూడదు.

ఇక నేను లేస్తాను, చింతపండు సగంలోనే ఉంది, ఎండ పోకముందే గింజలు తీసేయాలి. బెల్లం సంగతి నన్నడక్కండి. అటక నుంచి చీమల బారు ఎవరి మంచం కిందకు పోతోందో, మీరే కూర్చుని చూడండి.