గుమ్మటం బయటి గోరీ

పెన్న ఒడ్డున ఉన్న పాలచెలిమ దర్గాకు వచ్చినవారు బస్సు దిగగానే తెల్లటి గుమ్మటంలోకి నడుస్తారు. లోపల ఒక రాతి గద్దె, దానిమీద పావురాల రెట్ట తప్ప ఏమీ ఉండదు. జంషీద్ వలీ గోరీ బయట, ఎండలో, ఇసుకలో ఉంది. ఇంత గుమ్మటం పెట్టుకుని పీరును ఎండలో పడుకోబెట్టారేమని అడగని భక్తుడు లేడు. కారణం ఇది.

పూర్వం ఇక్కడ దూదేకులవారి గుడిసెలు తప్ప మరేమీ లేవు. దేశాలు తిరిగి వచ్చిన వలీ రేవులోని ఎండు ఈతమొద్దుకు వీపు ఆనించి, సాయంత్రాలు ప్రవక్త కాలపు మహిమలు చెప్పేవారు. ఆడవాళ్లు పత్తిలో గింజ తీస్తూ వినేవారు. వారిలో పీరమ్మ ఒకతె. మొగుడూ బిడ్డా ఒకే జ్వరంలో పోయాక, ఆ గొంతు వినడానికే ఆమె పొద్దున లేచేది.

ఊరి జమీందారుకు ఇది నచ్చలేదు. అంతటి మహానుభావుడు ఇసుకలో, ఆడవాళ్ల నడుమ కూర్చోవడమేమిటని గుమ్మటం కట్టించి, గద్దె వేయించి, వలీని తీసుకువెళ్లి కూర్చోబెట్టాడు. ఆడవాళ్లు గడప దాటరాదన్నాడు. వలీ కాదనలేదు. మహాత్ములైతే మాత్రం, గౌరవం చేస్తామంటే వద్దనేవారెవరు?

ఒక శుక్రవారం గుమ్మటం లోపల వలీ మగవాళ్లకు మదీనా మసీదు మహిమ చెబుతున్నారు. ప్రవక్త, వారికి శాంతి కలుగుగాక, మొదట ఒక ఖర్జూరపు మొద్దును ఆనుకుని ప్రసంగించేవారట. కొత్తగా వేదిక చేయించి దానిమీద నిలబడగానే ఆ మొద్దు, బిడ్డను పోగొట్టుకున్న ఒంటెలా ఏడ్చిందట. ప్రవక్త దిగి వచ్చి దాన్ని హత్తుకున్నారట.

అదే వేళకు జమీందారు పనివాడు గొడ్డలితో రేవుకు వచ్చాడు, ఈతమొద్దును వంటచెరకు చేయడానికి. పీరమ్మ దాన్ని చుట్టేసుకుంది.

"లెయ్యి పీరమ్మా. ఎండుమొద్దు నీకేమవుతుందే?"

"మీ దొర కన్నా నయం. ఇది నన్నెప్పుడూ పొమ్మనలేదు. ఏడుస్తోంది, వినపళ్లేదా?"

"మొద్దు ఏడుస్తుందా?"

"నేనేకిన దూదంతా నీ చెవుల్లోనే కుక్కినట్టున్నారు!"

గొడ్డలి లేచింది. ఏడుపు గుమ్మటం దాకా వినబడింది. చెబుతున్న కథ తనదేనని వలీకి అప్పటికి తెలిసింది. చెప్పులైనా వేసుకోకుండా ఇసుకలోకి పరుగెత్తారు.

"ఏడ్చింది నువ్వా తల్లీ, మొద్దా?"

"తెలీదు తాతా. రొమ్ము దానికి ఆనించి ఉన్నా. ఎవరిదని చెప్పేది?"

వలీ అటువైపు నుంచి మొద్దును హత్తుకున్నారు. ఊరుకోబెట్టిన పసిబిడ్డ వెక్కిళ్లలా ఏడుపు మెల్లగా తగ్గింది. ఆయన మళ్లీ గద్దె ఎక్కలేదు. గుమ్మటం గతేమిటని జమీందారు అడిగితే, "వానొస్తే మేకలు నిలుస్తాయిలే" అన్నారు. తన గోరీ ఆ మొద్దు పక్కనే ఉండాలని చెప్పి కన్నుమూశారు.

ఏడ్చింది పీరమ్మేనని కొందరు పండితులంటారు. అననివ్వండి. ఆడది ఏడిస్తే మహిమ కాదని ఏ గ్రంథంలో ఉంది?

తర్వాతి కాలంలో మొద్దును చెదలు తినేశాయి. ముసలి పీరమ్మ ఒక సాయంత్రం వచ్చి, చేతులు చాచి, పట్టుకోవడానికేమీ లేక నిలబడిపోయింది. పక్కన ఎవరో పొరుగూరి మనిషి, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినామె, ఎవరని అడగకుండా ఆమెను దగ్గరకు తీసుకుంది.

నాటినుంచి ఇక్కడ అదే ఆచారం. ఫాతెహా ప్రార్థన ముగిశాక ప్రతి స్త్రీ తన పక్కనున్న స్త్రీని, పేరైనా అడగకుండా, హత్తుకోవాలి. సంతానానికీ పెళ్లిళ్లకూ మొక్కుకునేవారికి వేరే దర్గాలున్నాయి. మీరు ఇక్కడికి వచ్చినా పోయినవారు తిరిగి రారు. దుఃఖం ఆగనివారు మాత్రం రండి. పట్టుకునే చేతులుంటాయి.