ఓడెక్కిన నీలి దీపం

దీపం పగిలిపోయింది. పగలగొట్టింది ఆ ఇంటి పిల్లే, దుమ్ము తుడవబోయి. అలాంటిది మళ్ళీ చేయగల ఒక్క మనిషీ అప్పటికే చచ్చిపోయాడు. మూతి ముడవకు, కథ ఇంకా ఉంది.

అనగనగా సిరియా దేశంలో, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో సుమయ్య అనే అమ్మాయి. వాళ్ళ నాన్న గాజు ఊదేవాడు. ఆయన నీలం రంగు ఇంకెవరికీ వచ్చేది కాదు. అందులో ఏం కలుపుతాడో కన్నకూతురికీ చెప్పలేదు. మగాళ్ళకి అదో గొప్ప. ఆయన పోయాక ఆ నీలంలో మిగిలింది ఒక్క దీపం. అదే పగిలింది. సుమయ్య ముక్కలన్నీ ఏరి మూటకట్టి దాచుకుంది.

ఆ ఊరివాళ్ళు ముస్లింలు. సముద్రానికి అవతల, వెనిస్‌లో క్రైస్తవులు. రాజులకి పడేది కాదు గానీ ఓడలు తిరుగుతూనే ఉండేవి. మన మిరియాలు కూడా ఆ దారినే వెళ్ళేవి. ఏటా వెనిస్ ఓడలో జానెట్టో అనే ముసలాయన వచ్చి పగిలిన గాజు కొనేవాడు.

"పగిలింది కొనడం ఎందుకమ్మమ్మా?"

మన వీధిలోకి పాత సీసాలవాడు రాడూ? అలాగే. కరిగించి కొత్తవి చేస్తారు.

మొదటి ఏడు జానెట్టో ఆ మూట అడిగాడు. ఇవ్వనంది. రెండో ఏడూ అడిగాడు. "మా నాన్నని అమ్ముకోమంటావా, పరంగీ?" అంది. మూడో ఏడు ఆయన వచ్చీరాని అరబ్బీలో, "మూటలో ఉంటే ముక్కలేనమ్మా. నాకివ్వు, దీపం చేసి తెస్తా" అన్నాడు.

అప్పుడు సుమయ్య ఒక్క ముక్క ఉంచుకుని మూట ఇచ్చేసింది. దీపం ఎలా ఉండేదో చేత్తో గాల్లో గీసి చూపించింది. "తేకపోయావో, నీ ఓడ మునుగుతుంది!"

"నేనూ అందులోనే ఉంటాగా, తల్లీ!"

ఆ తర్వాత రాజులు కొట్టుకున్నారు. ఓడలు ఆగిపోయాయి. ఒక ఏడు గడిచింది, రెండేళ్ళు, మూడేళ్ళు. "తండ్రి గుర్తు తీసుకెళ్ళి శత్రువు చేతిలో పోసింది" అని వీధంతా దెప్పింది. సుమయ్య మాత్రం పొద్దున్నే రేవుకి వెళ్ళి చూసొచ్చేది.

అప్పుడు ఒకనాడు ఓడ వచ్చింది. జానెట్టో రాలేదు. ఆయన కొడుకు పియెరో దిగాడు. "నాన్న పోయాడు. ఇది పూర్తిచేసే పోయాడు" అని దూది విప్పి దీపం చేతిలో పెట్టాడు.

సుమయ్య దాచిన ముక్క తీసి పక్కన పెట్టి చూసింది. అదే నీలం. నాన్న కొలిమి పక్కన తను కూర్చున్న సాయంత్రాలన్నీ అందులో కనిపించాయి.

"మెడ వంకరేమిటి?" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

"నువ్వు గాల్లో అలాగే గీశావట!"

నవ్వింది. దాచుకున్న ఆ ఒక్క ముక్కా పియెరో చేతిలో పెట్టింది. "దీన్నీ కరిగించు. ఇక ఈ ఇంట్లో పగిలిందేదీ మూటకట్టి దాచను" అంది. జుట్టు నెరిసేదాకా ఏటా తన ఇంటి గాజుముక్కల్ని వెనిస్ ఓడ ఎక్కిస్తూనే ఉంది.

కథ ఓడెక్కింది కంచికి,
దీపం కొండెక్కింది, కునుకొచ్చింది మన మంచానికి.