గులాబీ రొమ్ము పిట్ట

అనగనగా గోదారి సముద్రంలో కలిసేచోట ఒక ఊరు. ఆ ఊరి చివర ఒక ఇసుకదిబ్బ. చలికాలం వచ్చిందంటే దేశదేశాల పిట్టలన్నీ అక్కడే దిగేవి. వాటిని చూడ్డానికి దుర్భిణులు మెళ్ళో వేసుకుని కొంతమంది ఏటా వచ్చేవాళ్ళు. పనీపాటా లేనివాళ్ళంటూ ఊరు నవ్వేది. నవ్వితే నవ్వనీ, అదో పిచ్చి. మంచి పిచ్చేలే, చిన్నీ.

వాళ్ళలో పేర్రాజు మాస్టారు, ఆయన భార్య కామేశ్వరి ఉండేవారు. అందరికీ పెద్దదిక్కు ఖాదర్ గారు. వాళ్ళకో కట్టుబాటు ఉంది. అరుదైన పిట్టని ఇద్దరు చూస్తేనే చూసినట్టు. ఒక్కరు చూస్తే లెక్కలోకి రాదు.

ఒకనాడు తెల్లవారగానే మాస్టారు పరుగున వచ్చారు. "కామేశ్వరీ, గల్ పిట్టని చూశాను! సన్నముక్కుది, రొమ్మంతా గులాబీ రంగు!" గల్ అంటే తెలుసుగా, చేపల పడవల వెంట ఎగురుతుందే, ఆ తెల్లపిట్ట. గులాబీ రొమ్ముది ఆ ఒడ్డున అంతవరకూ ఎవ్వరికీ కనబడలేదు. అందరూ వెళ్ళి చూసేసరికి అక్కడ ఏమీ లేదు.

కామేశ్వరి నవ్వేసింది. "పొద్దుటెండ పడితే తెల్లపిట్టలన్నీ గులాబీగానే ఉంటాయండీ." అందరూ నవ్వారు.

ఆ తర్వాత వానాకాలంలో మాస్టారు కాలం చేశారు. తను నవ్విన నవ్వు కామేశ్వరి గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఆ పిట్టని చూడాలి, ఆయన మాట నిలబెట్టాలి, అంతే.

మొదటి చలికాలం పొగమంచు. మరుసటేడు తుఫాను దిబ్బని సగం మింగేసింది, పిట్టలే రాలేదు. మూడో ఏడు, మబ్బు పట్టిన ఒకరోజు, మిగతావాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. అప్పుడు ఒక పిట్ట వచ్చి వాలింది. సన్నముక్కు. ఎండ పొడ లేదు, అయినా రొమ్ము గులాబీ రంగు.

కేకేద్దామని కామేశ్వరి నోరు తెరిచింది. కానీ ఆ పిట్ట ఎంతదూరం ఎగిరొచ్చిందో పాపం, రెక్కలు వేలాడేసి కునుకు తీస్తోంది. కేకేస్తే లేచిపోతుంది. కేకెయ్యకపోతే ఆయన మాటకి సాక్ష్యం లేదు.

ఆవిడ నోరు మూసుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. "ఏమండీ, మీరన్నది నిజమే. నేనే నమ్మలేదు" అనుకుంది.

అలసట తీరాక పిట్ట సముద్రం మీదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళొచ్చారు. కామేశ్వరి జరిగింది చెప్పింది.

"ఒక్కరే చూశారు కదమ్మా" అన్నారు ఖాదర్ గారు మెల్లగా.

"నేనొక్కదాన్నే కాదు అన్నయ్యగారూ. ముందు ఆయన చూశారు, తర్వాత నేను చూశాను."

ఖాదర్ గారు సముద్రం వైపు తిరిగి, చేతులు జోడించి, "మాస్టారూ, మీరు చూశారు" అన్నారు.

కథేమో కంచికి, పిట్టేమో దాని దేశానికి, కునుకేమో నీ కంటికి, మనమేమో ఇంటికి.