కడిగిన సంచులు

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. దుమ్ము పట్టే యంత్రం నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు పట్టుకుంటోందని మాలో ఎవరైనా లెక్కకట్టి సంబరంగా చెప్పామనుకోండి, ఆయన మెచ్చుకోరు, కసురుకోరు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "సరే, జారిపోయిందెంత?" అని అడుగుతారు. తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది అనే అంకెలు వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. జారిపోయిందెంత అని అడిగితే మాత్రం ఒకచోట ఒక పాలు, రెండోచోట రెండు పాళ్ళు. అంటే ఆ పక్కన బతికేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ము రెట్టింపన్నమాట. ఈ తేడా మాకు వంటబట్టడానికి చాలాకాలం పట్టింది. కొందరికి ఇంకా వంటబట్టలేదని మాస్టారి అనుమానం. అలా అన్నప్పుడు ఆయన నా వైపు ఎందుకు చూస్తారో నేను అడగలేదు.

ఆయన ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మమ్మల్ని వెంటేసుకుని ఫ్యాక్టరీల్లో గాలి కొలుస్తూ తిరుగుతున్నారు. ఆయన సంతకం చూస్తే అధికారులు మరో ప్రశ్న వెయ్యరు. శిష్యుల్లో చురుకైనది నసీమా. నంద్యాల పిల్ల, అనుమానం వస్తే కడుపులో దాచుకోలేదు. ఇక నాది పెట్టెలు మోసే పని, అవసరమైతే తూచే పని.

దసరా మర్నాడు మేం ముగ్గురం పాలమూరు గుట్టల్లోని ఒక పలుగురాయి మిల్లుకు బయల్దేరాం. తెల్లటి పలుగురాళ్ళను మెత్తటి పిండిగా విసిరి గాజు ఫ్యాక్టరీలకు పంపే మిల్లు అది. ఆ పిండి పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయి కొందరు కూలీలు చనిపోయారు. ప్రభుత్వం మిల్లు మూయించింది. యజమాని కిందామీదా పడి సంచుల గది ఒకటి కట్టించాడు. ఆ గదిలో నిలువెత్తు గుడ్డ సంచులు వరసగా వేలాడుతుంటాయి. విసిరేచోట లేచే దుమ్మునంతా ఫ్యాను లాగి ఆ గదిలోకి తోస్తుంది. గాలి గుడ్డలోంచి దూరి గొట్టం గుండా బయటికి పోవాలి, దుమ్ము గుడ్డ మీద ఆగిపోవాలి. పండక్కి ముందు మిల్లును కొన్నాళ్ళు నడిపి చూసుకోమని అధికారులు అనుమతిస్తే, నసీమా వచ్చి కొలిచింది. వెయ్యి పాళ్ళలో రెండుకు మించి జారలేదు. ఇప్పుడు మాస్టారి ఎదుట మళ్ళీ కొలిచి, ఆయన సంతకం పెడితే మిల్లు తెరుచుకుంటుంది.

జీపులో నసీమా అడిగింది. "మాస్టారూ, మనం ఒక్కరోజు కొలిచి వెళ్ళిపోతాం. ఆ తర్వాత ఈ లెక్కను కాపాడేదెవరు?"

మాస్టారు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని గుట్టల వైపు చూశారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. మేం కూడా రెట్టించలేదు.

మిల్లు గేటుకు పండగనాటి మామిడాకులు ఇంకా వాడలేదు. మేనేజరు అంజిలయ్య ఎదురొచ్చి, ఆయుధపూజ ఎంత ఘనంగా చేశారో చూపిస్తూ లోపలికి తీసుకెళ్ళాడు. ఫ్యానుకు బంతిపూల దండ, మోటారుకు పసుపు, సుత్తెలకూ గునపాలకూ కుంకుమ బొట్లు. చివరికి సంచుల గది తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నాడు. సంచులు కొత్త పంచెల్లా తెల్లగా ఉన్నాయి. ప్రతి సంచి అడుగునా పసుపు బొట్టు పెట్టారు.

"అన్నీ విప్పి వాగుల ఉతికిచ్చినం సార్," అన్నాడు. "సుత్తెలు కడిగినం, గునపాలు కడిగినం, గిదొక్కటి మురికిగ ఎట్ల పెడ్తం? మీరు గూడ వొస్తున్నరాయె."

ఉతికిన ఆడవాళ్ళు నలుగురైదుగురు బస్తాలు నింపే షెడ్డు పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ళలో ముందున్నావిడ పేరు ఈదమ్మ. ఆమె భర్త ఈ మిల్లులోనే రాళ్ళు పోసేవాడు. చివరి రోజుల్లో పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే పోయాడట. ఆ గుట్టల్లో వేరే పని దొరకదు. మిల్లు తెరిస్తే ఆమె కూతురు మౌనిక పొడిని బస్తాలకెత్తే పనిలో చేరాలి. దుమ్ముగాలి బయటికొచ్చే గొట్టం మూతి సరిగ్గా ఆ బస్తాల షెడ్డు పక్కనే ఉంది.

"మా పిల్ల వొస్తదని నేనే రుద్ది రుద్ది ఉతికిన సారూ. ఒక్క మరక ఉంచలే," అంది ఈదమ్మ.

మాస్టారు ఆ సంచుల్ని ఒక్కొక్కటే చూశారు. "మిల్లు నడిపించండి," అని మాత్రం అన్నారు.

లెక్క కష్టమైనదేమీ కాదు. సంచుల గదిలోకి పోయే గాలిని కొంత, అందులోంచి బయటికొచ్చే గాలిని అంతే, చెరొక వడపోత కాగితం గుండా లాగుతాం. ఆ కాగితాలను తేమ లేకుండా ఆరబెట్టి తూచి, ముందున్న బరువు తీసేస్తే రెండుచోట్లా దుమ్మెంతో తెలుస్తుంది. లోపలికి పోయినదాంట్లోంచి బయటికొచ్చినది తీసేస్తే మిగిలింది యంత్రం పట్టుకున్నది. నేను తూచాను, నసీమా లెక్కకట్టింది. కట్టిన లెక్కను కొట్టేసి మళ్ళీ కట్టింది. రెండోసారీ అదే వచ్చింది. నూటికి ఏడు పాళ్ళు జారిపోతున్నాయి.

"పండక్కి ముందు ఇదే యంత్రం, ఇవే సంచులు మాస్టారూ," అంది నసీమా, ముఖం చిన్నబుచ్చుకుని. "ఉతకడంలో చిరిగాయేమో."

"ఒక్కొక్కటి ఎండకు పట్టి చూసి తగిలిచ్చినం మేడం. సూది దూరేంత చిరుగు గూడ లేదు," అన్నాడు అంజిలయ్య. అతని ముఖంలో పండగ కళంతా పోయింది.

ఈదమ్మకు అంకెలు పట్టలేదు గానీ మా ముఖాలు అర్థమయ్యాయి. "ఉతికింది తప్పయిందా సారూ?" అని మెల్లగా అడిగింది. బండకేసి బాదిన అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆమె వైపు చూడటానికి నాకు కష్టమనిపించి కాటా పెట్టెను సర్దుతున్నట్టు నటించాను.

మాస్టారు యంత్రాన్ని ఆపొద్దన్నారు. మనుషుల్ని మాత్రం షెడ్డులోంచి బయటికి పంపించి, ఈదమ్మను తనతో రమ్మన్నారు. బయటికొచ్చే గొట్టానికి ఆయన చెప్పి పెట్టించిన అద్దాలు రెండున్నాయి. పై అద్దంలోంచి టార్చి వెలుగు లోపలికి పడుతుంది, పక్క అద్దంలోంచి మనిషి చూడొచ్చు. గొట్టం లోపలంతా నల్లరంగు పూశారు. మాస్టారు టార్చిని పై అద్దానికి బిగించి వెలిగించి, ఈదమ్మను చూడమన్నారు.

ఆమె వెనక నుంచి నేనూ వంగి చూశాను. నల్లటి గొట్టంలో వెలుగు నిటారుగా స్తంభంలా నిలబడి ఉంది. ఆ స్తంభం లోపలంతా కదలిక. పాలు కలిపిన నీళ్ళలాంటి పొగ సుళ్ళు తిరుగుతూ పైకి పోతోంది. అందులో ఒక్క రేణువు కూడా విడిగా కనిపించదు. కిటికీ సందులోంచి పడే ఎండలో తేలేదాన్ని మన పెద్దలు త్రసరేణువు అన్నారని, కంటికి ఆనేవాటిలో అంతకంటే చిన్నది లేదనుకున్నారని, ఈ గొట్టంలో పోతున్నది దానికంటే ఎన్నో రెట్లు సన్నమని మాస్టారు చెప్పారు. అంత సన్నం గనకనే ముక్కు ఆపలేదట, గొంతు ఆపలేదట, తిన్నగా ఊపిరితిత్తుల చివరిదాకా పోయి అక్కడ కూర్చుంటుందట.

ఈదమ్మ చాలాసేపు చూసింది. "ఆయన్ని తిన్నది ఇదేనా సారూ?"

"ఇదేనమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె ఏడవలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ అద్దం దగ్గరికి వంగింది.

యంత్రం నడుస్తూనే ఉంది. వేపచెట్టు కింద కూర్చుని అంజిలయ్య పెట్టిన భోజనం తిన్నాం. పండగ సద్దులు బాగానే ఉన్నాయి, తిన్న రుచి మాత్రం ఎవరికీ తెలియలేదు. ఈదమ్మ మాతో తినలేదు. అద్దం దగ్గరే ఉండిపోయి, నసీమా వెళ్ళి అడిగినప్పుడల్లా, "జర పలచనైంది బిడ్డా," అని చెబుతూ వచ్చింది. పాలలాంటి పొగ కాస్తా పొయ్యి ఆర్పాక మిగిలే పొగలాగా, ఆ తర్వాత అదీ లేకుండా పోయిందట. మధ్యాహ్నం వాలుతుండగా ఆమె గాభరాగా మమ్మల్ని పిలిచింది.

"లైటు ఆరిపోయింది సారూ."

మాస్టారు అద్దంలోంచి ఒకసారి చూసి, ఆమెకు చోటిచ్చారు. "ఆరలేదమ్మా. అడుగున చూడు, పడుతోంది. దారిలో దాన్ని చూపించే దుమ్ము లేదు."

తర్వాత నేను చూశాను. పైన టార్చి వెలుగుతోంది. కింద గొట్టం అడుగున రూపాయి బిళ్ళంత వెలుగు పడి ఉంది. ఆ రెంటికీ మధ్య పొద్దున నిలబడిన స్తంభం లేదు, ఒట్టి చీకటి. వెలుగు నా కళ్ళ ముందు నుంచే పోతోంది, నాకు కనబడటం లేదు. ఇన్నాళ్ళూ నేను వెలుగు అనుకుని చూసింది దుమ్మునేనని అప్పుడు తెలిసింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వంగి చూసి, దేవుడి గదిలోంచి వచ్చినట్టు చప్పుడు చెయ్యకుండా పక్కకు తప్పుకున్నారు. అంజిలయ్య చూశాక చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఎందుకు విప్పాడో అతనికీ తెలిసుండదు.

మళ్ళీ కొలిచాం. బయటికొచ్చే గాలి లాగిన కాగితం ముందెంత తూగిందో ఇంచుమించు అంతే తూగింది. వెయ్యి పాళ్ళలో ఒకటి కూడా జారడం లేదు.

అప్పుడు నసీమా అడిగింది. "గుడ్డ కన్నాలు ఈ దుమ్ము కంటే చాలా పెద్దవి మాస్టారూ. పొద్దుననుంచీ గుడ్డ మారలేదు. మరి ఇప్పుడు ఆపుతున్నదేమిటి?"

మాస్టారు మిల్లు ఆపించి, దుమ్ము అణిగాక సంచుల గది తలుపు తీయించారు. ఉదయం మెరిసిన గుడ్డ మీద పలచగా, బూడిద రాసినట్టు ఒక పొర కట్టుకుని ఉంది. పసుపు బొట్లు దాని కింద కలిసిపోయాయి.

"ముందు చిక్కుకున్న దుమ్ము," అన్నారాయన. "వెనక వచ్చేదాన్ని అది పోనివ్వదు. పండక్కి మీరు వాగులో కలిపింది దాన్నే."

"మరి సంచులు నిండితె మిషినికి గాలాడది గద సార్?" అన్నాడు అంజిలయ్య.

"దులపండి. కడగకండి."

ఇక సంతకం మిగిలింది. రెండో అంకె ఒక్కటే రాయమని అంజిలయ్య ప్రాధేయపడ్డాడు. ఊరంతా ఈ మిల్లు మీదే ఆశ పెట్టుకుందన్నాడు, అది అబద్ధం కాదు. మాస్టారు కలం తీశారు. ఈదమ్మ ముందుకొచ్చింది.

"రెండు లెక్కలొచ్చినయి గద సారూ. మా పిల్ల ఏ లెక్క పీలుస్తది?"

మాస్టారి కలం ఆగింది. అంత తిన్నగా ఆ ప్రశ్న మేం ముగ్గురం ఎప్పుడూ అడగలేదు. ఆయన రెండు అంకెలూ రాశారు. గొట్టాన్ని కప్పు దాటించి పైకి లేపాలని రాశారు. సంచులు కొత్తవి కట్టినప్పుడూ దులిపినప్పుడూ, అద్దంలో వెలుగు దారి మాయమయ్యేదాకా ఒక్క మనిషి కూడా షెడ్డులో అడుగు పెట్టకూడదని రాశారు. చూసి చెప్పడానికి అద్దం దగ్గర ఒక మనిషి ఉండాలన్నారు.

"పట్నం నుంచి డిగ్రీ చదివిన సూపర్వైజర్ని తెప్పిస్త సార్," అన్నాడు అంజిలయ్య.

"నేను నిలబడ్త," అంది ఈదమ్మ. అంజిలయ్య ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు. "నేను పొమ్మన్నదాక ఎవ్వరూ లోపలికి పోరు. మా మౌనికైనా సరే, మీ సేటైనా సరే."

మాస్టారు ఆమె పేరు అడిగి తెలుసుకుని, ఆమె అద్దం దగ్గర ఉన్నంతకాలమే ఈ సంతకం చెల్లుతుందని రాసి, దాని కింద సంతకం పెట్టారు. అంజిలయ్య అది చదివి తల గోక్కున్నాడు, కాదనలేదు.

తిరిగొచ్చేటప్పుడు జీపు గేటు దాటుతుంటే నసీమా వెనక్కి తిరిగి చూసింది. గొట్టం దగ్గర ఈదమ్మ అప్పుడే అద్దాన్ని పైటతో తుడుస్తోంది. నసీమా మనసు ఊరుకోలేదు.

"ఆ గొట్టంలోకి చూసినప్పుడల్లా ఆమెకు భర్త చావు గుర్తొస్తుంది మాస్టారూ. ఇది ఆమెకు శిక్షలాగే ఉంది. ఆ బాధేదీ లేని మనిషిని ఎవరినైనా పెట్టమనకపోయారా?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఉతికిన గుడ్డను నిలబెట్టమంటావా, అమ్మాయ్?" అన్నారు.