పొగకు చెరసాల

కొమరగిరి రాజు సోమదేవుడికి ఆ వేసవిలో పొగ మీద కోపం వచ్చింది. కోట బయట రోజూ ఎండుటాకులూ, గడ్డీ, గుర్రపుశాల చెత్తా గుట్టలు పోసి తగలబెట్టేవారు. రాజమాత దగ్గి దగ్గి మంచం పట్టింది. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి, వానలు దారి తప్పుతున్నాయి; అదీ పొగ పనేనని రాజు నమ్మకం.

పొగను పట్టి బంధించమనీ, అది మళ్లీ ఆకాశం ముఖం చూడకూడదనీ రాజు ఆజ్ఞ వేశాడు. గెలిచినవారికి కోరిన వరం.

ఆస్థాన పండితుడు గరుడాచారి లేచాడు. ఆయన తలపాగా ఎంత పెద్దదంటే, కింద తల ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు. రాగి బుంగలు చేయించి, మంటల మీద బోర్లించి, పొగ పట్టి, మైనంతో మూతలు బిగించాడు. ప్రతి బుంగ మీదా తన పేరు చెక్కించుకున్నాడు. ఆ బుంగల కోసం కొలుముల్లోంచి లేచిన పొగ, ఆయన పట్టిన పొగకంటే ఎక్కువని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కొలువులో మాటకు పదునైన మనిషి పేరిందేవి. ఆమె తగలబెట్టే చెత్తనూ, కోట వెనక బీడునూ అడిగింది. పంట చేతికొచ్చేదాకా గడువు కోరింది. పొగ పట్టమంటే పేడ పిసుకుతానంటోందని ఆచారి పగలబడి నవ్వి, ఓడినవారు కొలువు వదిలి పోవాలని పందెం కట్టాడు. ఆమె సరేనంది.

గుంటలు తవ్వించి, ఆకులూ పేడా పొరలు పొరలుగా వేయించింది. నీళ్లు చిలకరిస్తూ, తిరగేయిస్తూ మాగబెట్టి, ఆ ఎరువు బీడులో కలిపి జొన్న చల్లించింది. ఆచారి అటు వెళ్లినప్పుడల్లా ఉత్తరీయంతో ముక్కు మూసుకునేవాడు.

గడువు తీరింది. సభలో బుంగ మూత తీశారు. పొగ లేదు. ఆచారి తల లోపల పెట్టి వెతికి, ముక్కుకు మసి అంటించుకుని పైకొచ్చాడు. పొగ సూక్ష్మరూపం దాల్చిందన్నాడు.

పేరిందేవి రెండు బుట్టలు దింపింది. ఒకదాంట్లో ఎరువు తగలని ఎర్రమన్ను, రెండోదాంట్లో ఎరువు వేసిన చేని నల్లమన్ను. రెండూ ఎండబెట్టినవే.

"ఇందులో పొగేదీ?" అన్నాడు ఆచారి.

ఆమె నిప్పుల కుంపటి తెప్పించింది. ఎర్రమన్ను పోస్తే ఏమీ కాలేదు. నల్లమన్ను పోసింది. గుప్పున పొగ లేచి ఆచారి మొహాన కొట్టింది. ఆయన దగ్గడం మొదలుపెట్టాడు.

"పొగగా మారాల్సినదాన్నే మట్టిలో దాచాను, ఆచార్యులవారూ. మీ కోసం కాస్త వదిలాను."

మొత్తం దాగిందా అని రాజు అడిగాడు. మాగేటప్పుడు కొంత గాలిలో కలిసిందనీ, మిగిలింది ఏళ్ల తరబడి నేలలోనే ఉంటుందనీ ఆమె దాచకుండా చెప్పింది. ఏటా ఎరువు వేయాలి, నేలను బోడిగా వదలకూడదు. ఆ మట్టి నీటినీ పట్టి ఉంచింది కాబట్టే, చుట్టూ చేలు వాడినా తన జొన్న నిలబడిందంది.

రాజు ముత్యాలహారం మెడలో వేసి, వరం కోరుకోమన్నాడు.

"ఊళ్లో చెత్త తగలబెట్టడం మాన్పించండి ప్రభూ. అంతా గుంటల్లో మాగాలి. ఆ చెరసాలకు అధికారి కావాలి. పొగ సూక్ష్మరూపాన్ని గుర్తుపట్టగలవారు ఈ రాజ్యంలో ఒక్క ఆచార్యులవారే."

రాజు నవ్వాపుకోలేక చేత్తోనే సైగ చేశాడు. సభంతా ఘొల్లుమంది. భటుడొకడు వచ్చి ఆచారి చేతిలో పార పెట్టాడు.