కట్టలో చోటు

మద్దిలేటి ఓడిపోయిన ప్రతిసారీ తన కట్టలో ఒక కార్డు మార్చేవాడు. మార్చినకొద్దీ ఇంకా ఓడిపోయేవాడు.

ప్రొద్దుటూరులో ఒక గాజుల దుకాణం మీది గదిలో, జలాలుద్దీన్ ఉస్తాద్ దగ్గర అతను 'ఏడు కోటలు' ఆట నేర్చుకుంటున్నాడు. అది పేకాట కాదు. ఆ సంగతి వాళ్లమ్మకు చెప్పి చెప్పి అతని నోరు పడిపోయింది. ఇందులో కార్డుల మీద సైనికులుంటారు, నాగులుంటాయి, రాక్షసులుంటారు, మంత్రాలుంటాయి. వాళ్లందరినీ బరిలోకి దించే శక్తినివ్వడానికి దీపాలని కొన్ని కార్డులుంటాయి. పొట్లాల్లో కొన్నవీ, పక్కవాళ్లతో మార్చుకున్నవీ ఏరుకుని ఎవరి కట్ట వాళ్లే తయారుచేసుకోవాలి. కట్టకు నలభై కార్డులు. ఒకటి ఎక్కువైనా ఒప్పుకోరు, తక్కువైనా ఒప్పుకోరు. ఎదుటివాళ్ల కోటలన్నీ ముందు ఎవరు పడగొడితే వాళ్లది గెలుపు.

ఉస్తాద్ దుకాణం కొడుకుల చేతిలో పెట్టేసి, పైన ఈ ఆట నేర్పుతూ కూర్చున్నాడు. కుస్తీలు నేర్పే చోటును పిలిచినట్టు ఊళ్లో ఆ గదిని కూడా తాలీంఖానా అనేవాళ్లు. అక్కడ కొన్ని పద్ధతులున్నాయి. ఎవరి చాప వాళ్లది, అది ఎప్పుడూ పరిచే ఉంటుంది. ఇంకొకరి కట్టను అడక్కుండా ముట్టుకోకూడదు. ఆట అయ్యాక గెలిచినవాళ్లే ఓడినవాళ్లకు చాయ్ పోసివ్వాలి. ఈ మధ్య మద్దిలేటికి ఇంట్లో చాయ్ ఖర్చు తగ్గిందని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

ఏటా ఉస్తాద్ హైదరాబాదు పోటీకి ఒక్కరినే పంపుతాడు. ఒకసారి వెళ్లొచ్చినవాళ్లకు మళ్లీ అవకాశం లేదు. ఆయనకు చూపు మందగించింది, ఈ ఏడాదితో పంపడం ఆఖరని చెప్పేశాడు. వెళ్లనివాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు మద్దిలేటి, రెండోవారు నిరుడు చేరిన నాగరత్న. ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది, ఆట మధ్యలో పెదవి విప్పదు. ఆదివారం ఇద్దరూ ఆడాలి, గెలిచినవాళ్లు వెళ్లాలి.

మద్దిలేటికి ఆ పోటీకి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ గదిలో అందరికంటే ముందు చాప పరిచింది తనే. తన వెనకాల చేరినవాళ్లంతా వెళ్లొచ్చి కబుర్లు చెబుతుంటే పైకి నవ్వుతూ వినేవాడు.

చేరిన కొత్తలో అతని కట్ట నిండా కాలిబంట్లే. అవి చవక కార్డులు, పొట్లం విప్పితే ముందు చేతికొచ్చేవి అవే. వాటిని గుంపుగా దించి, ఎదుటివాడు సర్దుకునేలోపే మీద పడేవాడు. గెలిచినా ఓడినా ఆ ఆట చూడముచ్చటగా ఉండేది.

తర్వాత ఒకరోజు తోటివాడు సుభాన్ అగ్గినాగును దించి ఆ గుంపును మాడ్చేశాడు. మద్దిలేటి మర్నాడే అగ్గినాగుకు విరుగుడు తెచ్చి కట్టలో పెట్టుకున్నాడు. అక్కడే నేర్చుకునే రజిత విషపు పొగతో కొట్టింది, దానికో విరుగుడు. ఇంకొకరు రాతిమనుషుల్ని దించారు, దానికీ ఒకటి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. మద్దిలేటి ఆ ఆకులన్నీ దాచిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి కదా. పోయేది ఎప్పుడూ కాలిబంటే.

దానితో ఏమైందంటే, సుభాన్‌తో ఆడేటప్పుడు చేతిలోకి రజిత విరుగుడు వచ్చేది. రజితతో ఆడేటప్పుడు సుభాన్ విరుగుడు వచ్చేది. మంచి కార్డులన్నీ చేతిలోనే ఉండేవి, కోటలు మాత్రం కూలిపోయేవి. తలరాత బాగాలేదనుకున్నాడు. తర్వాత, ఏదో ఒక్క కార్డు తక్కువైంది, అది దొరికితే చాలనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఇంకా ఎవరూ రాకముందే వచ్చి, ఉస్తాద్ ముందు కట్ట పెట్టాడు. ఆదివారం దగ్గరపడిందనీ, నిద్ర పట్టడం లేదనీ, తన కట్టలో ఏ కార్డు తక్కువైందో ఆయనే చెప్పాలనీ బతిమాలాడు.

"ముట్టుకోవచ్చునా?" అని అడిగాడు ఉస్తాద్.

మద్దిలేటి సిగ్గుపడి తలూపాడు. ఉస్తాద్ పైకార్డు తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇదెందుకు?"

"సుభాన్ అగ్గినాగుకు, ఉస్తాద్."

ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా లేచి వెళ్లి, ఆ కార్డును సుభాన్ చాప మీద పెట్టి వచ్చాడు. రెండోది తీశాడు. అది రజిత పొగకు. లేచి వెళ్లి రజిత చాప మీద పెట్టాడు. ముసలాయన అన్నిసార్లు లేచి కూర్చోవడం చూడలేక తనే పెట్టొస్తానన్నాడు మద్దిలేటి. ఉస్తాద్ ఇవ్వలేదు. అడుగుతూ, లేస్తూ, పెడుతూ పోయాడు. నాగరత్న చాప మీద అన్నిటికంటే ఎక్కువ పడ్డాయి. దీపాల గురించి ఏమీ అడగలేదు, అవి ఎవరి కట్టలోనైనా ఉండేవే కాబట్టి పక్కన పెట్టేశాడు.

చివరికి ఒక కార్డు మిగిలింది. అంచులు నలిగిపోయిన కాలిబంటు.

"ఇది?"

"ఊరికే, ఉస్తాద్. నాకిష్టమని ఉంచినా."

ఉస్తాద్ దాన్ని తీసుకెళ్లి మద్దిలేటి చాప మీద పెట్టాడు. నడుం మీద చెయ్యి వేసుకుని గదంతా ఒకసారి కలియజూశాడు.

"అందరూ వచ్చినారు" అన్నాడు. "నువ్వు ఇంతే వచ్చినావు."

నమాజు వేళైందని కిందికి దిగిపోయాడు. మద్దిలేటి ఒక్కో చాప దగ్గరికీ వెళ్లి కార్డులన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. ఇంటికెళ్లి, అటక మీదున్న బిస్కెట్ల డబ్బా దించి, అందులో పడేసిన కాలిబంట్లన్నిటినీ బయటికి తీశాడు.

మర్నాడు సాయంత్రం నాగరత్నతో ఊరికే ఒక ఆట ఆడాడు. గుంపు దించాడు, మీద పడ్డాడు. ఆవిడ పెద్ద కార్డులు ఇంకా చేతిలో ఉండగానే ఆట ముగిసింది. ఎన్నాళ్లకో అతను ఇంకొకరికి చాయ్ పోసిచ్చాడు. సంతోషంలో కాస్త చాప మీద ఒలకబోశాడు కూడా. నాగరత్న అతని కాలిబంట్లవైపు చూస్తూ చాయ్ తాగింది.

ఆదివారం గది కిటకిటలాడింది. మద్దిలేటి ఆడినట్టు ఆ గదిలో ఎవరూ ఆడి చాలా కాలమైంది. ఒక్కో కోటా కూలుతుంటే సుభాన్ లాంటివాడే ముక్కున వేలేసుకున్నాడు. నాగరత్నకు ఇక ఒక్క కోట మిగిలింది.

అప్పుడు ఆవిడ ఒక కార్డు దించింది. పిడుగువాన. చిన్న సైనికుల్ని ఒక్క దెబ్బకు తుడిచిపెట్టే మంత్రం. ఆవిడ దగ్గర అలాంటిదుందని ఎవరికీ తెలియదు. కాలిబంట్లన్నీ పోయాయి. మద్దిలేటి మళ్లీ గుంపు కూడగట్టుకునేలోపు అతని కోటలు వరసగా కూలిపోయాయి.

హైదరాబాదు నాగరత్న వెళుతుంది. మద్దిలేటి ఏడిస్తే బాగుండదని కార్డులు సర్దుతున్నట్టు తలొంచుకున్నాడు.

నాగరత్న చాయ్ పోసి తెచ్చి ఇచ్చింది. ఆ పిడుగువాన ఎప్పట్నుంచి ఉందని అడిగాడు మద్దిలేటి. ఈ వారమే తెచ్చుకున్నానంది ఆవిడ. దానికోసం మంచి కార్డులు ఇచ్చేయాల్సి వచ్చిందట. దాన్ని కట్టలో పెట్టడానికి తనకెంతో ఇష్టమైన హంసరథాన్ని తీసేయాల్సి వచ్చిందట. అతని కాలిబంట్లు కలలోకి కూడా వచ్చాయని చెప్పి, మొదటిసారి నవ్వింది.

అందరూ వెళ్లిపోయాక మద్దిలేటి ఉస్తాద్ దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఓడిపోతి, ఉస్తాద్."

ఉస్తాద్ కళ్లద్దాలు తీసి, లుంగీ కొసతో తుడుచుకుంటూ అవునన్నట్టు తలూపాడు.

"ఇన్నాళ్లూ నీ కట్టలో నువ్వు అందరినీ మోసినావు" అన్నాడు. "ఈరోజు నిన్ను ఒకరు మోసుకొచ్చినారు."