అయిందండి

విద్యాధర్‌కి డాక్టరేటు దక్కేలా లేదు. రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేస్తూ మా ఊరికొచ్చి, ఇల్లిల్లూ తిరిగి ఒకటే అడిగాడు, ఓటు వేసేటప్పుడు కులం చూస్తారా అని. చూడం, మనిషినే చూస్తాం అన్నారు అందరూ. అదే రాసుకెళ్ళి గైడు హైమవతి మేడం గారికిచ్చాడు. ఆవిడ సంతకం పెట్టలేదు. ఆ సంతకం లేకపోతే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

మావాళ్ళని తప్పు పట్టకూడదు. వీర్రాజు గుండెల మీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు. పక్కింట్లోనే గేదెలున్నా అతను పాలు మాత్రం ఊరి అవతల తన కులంవాళ్ళ దగ్గరే పోయించుకుంటాడు. రుచి తేడా అంటాడు.

మేడం గారు ఊరు తనే చూస్తానని బస్సెక్కి వచ్చారు. పొద్దున్నే టిఫిను మానేసి స్టాపులో నిలబడ్డ విద్యాధర్ మధ్యాహ్నం దాకా ఆవిణ్ణి వీధులన్నీ తిప్పాడు. మా ఊరివాళ్ళు అబద్ధమాడరు మేడం అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. అప్పటికే మా ఊరు అతని ఊరైపోయింది.

చివరికి అచ్చియ్యమ్మత్త ఇంటికి చేరారు. లోపల చింతచిగురు రొయ్యలు ఉడుకుతున్నాయి. ఆ కూర వండిన రోజు మా పోస్టుమాను ఉత్తరాలు లేకపోయినా ఆ వీధికొస్తాడు.

"భోంచేశారా బాబూ?" అని అడిగింది అత్త.

"అయిందండి" అన్నాడు విద్యాధర్.

"నాకు కాలేదమ్మా" అని మేడం గారు పీట వాల్చుకున్నారు.

ఆవిడ తీరిగ్గా తిన్నారు. అతను గుమ్మం దగ్గర కూర్చుని గోడమీది క్యాలెండరు చదివాడు. అతని కడుపు చేసిన చప్పుడుకి కోడి పక్కకి తప్పుకుంది. కాస్త రుచి చూడమంది అత్త. వద్దండి, ఇందాకే అయిందన్నాడు.

పెరుగన్నం దగ్గర మేడం గారు తలెత్తారు.

"రాసుకో విద్యాధర్. ఈ ఇంట్లో ఆకలితో ఉన్నవాళ్ళెవరూ లేరు. అడిగాం కదా."

అతను పెన్ను తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేసి తల వంచుకున్నాడు.

అత్త ఈసారి అడగలేదు. కంచం పెట్టి వడ్డించింది. మేడం గారు తాను ముట్టని అప్పడం తీసి అతని కంచంలో వేశారు.

మర్నాడు తెల్లారేసరికి విద్యాధర్ వీర్రాజు ఎదురింటి అరుగు మీద ఉన్నాడు. పాలు ఎటునుంచి వస్తాయో చూస్తున్నాడు. ఏం కావాలి బాబూ అని వీర్రాజు అడిగాడు.

"ఏం లేదండి" అన్నాడు విద్యాధర్. "ఊరికే కూర్చున్నా."